నీలిపెట్టె

ఉదయం ఆరూ నలభై ఐదు ఫెర్రీకి
గోజో నుంచి మాల్టాకి
నేనూ, నా నీలిపెట్టే.
లోపల మంచుపలకల మధ్య
ముప్పై ఒక్క గాజుగొట్టాలు.
ముప్పై ఒక్కమంది మూడో నెల.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.
కింద లారీలు, డీజిలు కంపు, టమాటా బుట్టలు.
"ఏముంది వెన్జూ, చేపలా?" అంటాడు టికెట్టు కుర్రాడు.
నలభై ఏళ్ళు చేపలే మోశాను మరి.
"కాదు, ఈదేవాళ్ళ తల్లులు" అంటాను.
వాడు నా వయసు చూసి నవ్వి ఊరుకుంటాడు.

గొట్టం మీద పేరుండదు, అంకె ఉంటుంది.
అయినా చిన్న దీవి మాది.
సోమవారం క్లినిక్ మెట్ల మీద ఎవరు కూర్చున్నారో
మంగళవారానికి రొట్టెల కొట్టుకి తెలుస్తుంది.
మార్తీజ్‌ని నేనే చూశాను:
మోచేతి మడతలో దూది నొక్కుకుని,
వేళ్ళకి ఇంకా ఖర్జూరపు ముద్ద అంటుకుని.
రోజుకి నాలుగొందల ఇమ్‌కారెత్‌లు నూనెలో వేసే చెయ్యి.
వేవిళ్ళతో ఒక్కటీ నోట పెట్టలేకపోతోందట.

డాక్టర్ షిక్లూనా ఓసారి నాకు కాగితం మీద గీసి చెప్పింది.
చక్కెర పరీక్ష ఆరో నెల దగ్గర్లో చేస్తారు,
అప్పటికి తీపి నెత్తుట్లో కాపురం పెట్టేసి ఉంటుంది.
అంతకు చాలా ముందే
నెత్తురు గొణుగుతుందట.
కొవ్వు కణాలు పంపే ప్రొటీన్ ఒకటి
(అడిపోనెక్టిన్, నాకు నోరు తిరగదు)
కొందరిలో తగ్గుతుంది,
ఒంట్లో వాపుని చెప్పేది ఇంకొకటి కాస్త పెరుగుతుంది.
ఏ ఒక్కటీ సాక్ష్యానికి చాలదు.
అన్నీ కలిపి చెవి ఒగ్గితే
గోడ అవతలి మాటలా
ఏదో తెలుస్తుంది.
"తెలుస్తుంది అనకు వెన్జూ,
తెలియొచ్చు అను" అంది పెన్నుకి మూత పెడుతూ.

నాకు ఆ 'ఒచ్చు' తెలుసు.
సముద్రం మీద బతికినవాడికి వేరే వ్యాకరణం లేదు.
ఈశాన్యపు గాలికి ముందురోజు
నీళ్ళ రంగు మారదు, అల లేవదు,
అడుగున ఆక్టోపస్ మాత్రం
గుమ్మానికి రాళ్ళు పోగేసుకుంటుందనేవాడు మా నాన్న.
అది చూసి పడవకి రెండో తాడు కట్టేవాడు.
పదిసార్లలో నాలుగుసార్లు గాలి రాలేదు.
రేవంతా నవ్వింది.
తాడేమీ అరిగిపోలేదు.

జూజాకి ఎవరూ రెండో తాడు కట్టలేదు.
ఎనభై రెండు ఫిబ్రవరిలో మావాడు
అయిదు కిలోల రెండొందలు.
"నీ వలలో ఇంత పెద్దది ఎప్పుడూ పడలేదురా!"
ఊరు ఊరంతా వచ్చి చూసింది, మిఠాయి పంచాను.
బయటికొచ్చేటప్పుడు భుజం ఇరుక్కుంది.
వాడి కుడిచెయ్యి ఇప్పటికీ
దువ్వెన పట్టుకుని తలదాకా లేవదు.

ఆ చలికాలమంతా
రాత్రి లేచి లేచి కూజా ఎత్తి తాగేది జూజా.
గోడలు చెమ్మతో కారుతుంటే
దాహమేమిటే నీకు, అని
నవ్వాను.
దుప్పటి నా వైపుకి లాక్కుని
నవ్వాను.

ఫెర్రీ ఆగింది. ఇనప తలుపు నీటి అంచుకి వాలుతోంది.
అందరూ పరిగెడతారు, నేను నడుస్తాను.
కుదిపితే కణాలు చిట్లుతాయట,
చిట్లితే మాట తప్పు వినబడుతుందట.

ఫలితాలు తిరిగొచ్చేది నా పెట్టెలో కాదు.
ఏ అంకెకి ఏం రాసి ఉందో నాకెవరూ చెప్పరు, చెప్పకూడదు.

కానీ ఈ మధ్య రాత్రి భోజనాలయ్యాక
ఇమ్‌జార్ రేవు గోడ మీద
మార్తీజ్ నడుస్తోంది, చెప్పులు టపటపలాడిస్తూ.
డాక్టరమ్మ చెప్పిందో,
కొట్లో ఉక్కపోతో.
నేను అడగను.
చివరిదాకా వెళ్ళి,
పడవలు కట్టే ఇనపకడియాన్ని పాదంతో ఒకసారి తట్టి
వెనక్కి తిరుగుతుంది.